మహోమ్స్ చీఫ్స్‌ను ఓడించడానికి ఏ వ్యూహం మేలు? నాలుగు దారుల మధ్య పోలిక

2018 సీజన్ నుంచి 2024 సీజన్ దాకా వరుసగా ఏడేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లోని ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు ఏఎఫ్‌సీ ఫైనల్ (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకదాని ఫైనల్) ఆడింది. ఆ ఏడింటిలో ఐదుసార్లు లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కు చేరి, మూడుసార్లు కప్పు ఎత్తింది. కోచ్ ఆండీ రీడ్ బుర్ర, పాస్‌లు విసిరి ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ చెయ్యి, ఆఖరి నిమిషంలోనూ తడబడని గుండె నిబ్బరం కలిసిన ఆ జట్టును ఎలా ఓడించాలన్నది ఆ ఏడేళ్లూ మిగిలిన 31 జట్ల కోచ్‌లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. అమెరికాలో స్థిరపడి ఈ ఆటను కొత్తగా అలవాటు చేసుకున్న తెలుగువారు కలిసి మ్యాచ్ చూసినప్పుడు కూడా చర్చ తరచుగా ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. బలమైన ప్రత్యర్థిని ఎదుర్కొనే జట్టు ముందు ఉన్న దారులేమిటో, ఏ జట్టుకు ఏది సరిపోతుందో, అసలు మ్యాచ్‌ల ఆధారంగా ఇక్కడ పోల్చి చూద్దాం.

ముందుగా ఒక్క లెక్క మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. బంతి లేని జట్టు తరఫున, అంటే డిఫెన్స్‌లో, ఉండేది పదకొండు మందే. అవతలి వైపు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి ఆఫెన్సివ్ లైన్‌లో ఐదుగురు భారీకాయులు నిలబడతారు. సాధారణంగా డిఫెన్స్ నలుగురిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపి, మిగిలిన ఏడుగురిని పాస్ అందుకునే ఆటగాళ్లకు కాపలా పెడుతుంది. ఐదుగురినో ఆరుగురినో పంపితే దాన్ని బ్లిట్జ్ అంటారు. ముందుకు ఒకరిని పంపిన ప్రతిసారీ వెనుక ఒకరు తగ్గుతారు. మహోమ్స్‌ను ఆపడం గురించిన వాదనలన్నీ చివరికి ఈ పంపకం దగ్గరే తేలతాయి.

బ్లిట్జ్: చూడటానికి ధైర్యం, ఫలితంలో నష్టం

ఎక్కువ మంది మొదట సూచించేది ఇదే: అతనికి ఆలోచించే సమయం ఇవ్వకుండా ఆరుగురిని మీదికి వదలాలి. అనుభవం లేని క్వార్టర్‌బ్యాక్ మీద ఈ ఎత్తు పారుతుంది. మహోమ్స్ మీద మాత్రం ఇది చాలాసార్లు ఎదురుతిరిగింది. మీదికి వస్తున్న అదనపు ఆటగాడు ఎక్కడి నుంచి బయలుదేరాడో అతను బంతి చేతికి రాకముందే గమనిస్తాడు, ఆ ఆటగాడు ఖాళీ చేసిన చోటికే పాస్ విసురుతాడు. 2020 సెప్టెంబరు 28న బాల్టిమోర్ రేవెన్స్ డిఫెన్స్, అప్పట్లో బ్లిట్జ్‌లకు పేరుమోసిన డిఫెన్స్, సొంత మైదానంలో చీఫ్స్‌ను ఎదుర్కొంది. ఆ రాత్రి మహోమ్స్ 385 యార్డులు పాస్ చేసి నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ దాటిస్తే వచ్చే ఆరేసి పాయింట్లు) ఇచ్చాడు, మరొకటి తానే పరుగెత్తి సాధించాడు. చీఫ్స్ 34-20తో గెలిచింది.

కాబట్టి ప్రధాన వ్యూహంగా బ్లిట్జ్‌ను ఎంచుకోవద్దనే నా సలహా. మ్యాచ్‌లో రెండు మూడుసార్లు, అదీ ప్రత్యర్థి అస్సలు ఊహించని డౌన్‌లో (పది యార్డులు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి) వాడటానికి మాత్రమే అది పనికొస్తుంది. ఇంతకంటే దాని గురించి చెప్పాల్సింది లేదు.

నలుగురితోనే ఒత్తిడి, వెనుక ఏడుగురి కాపలా

చీఫ్స్‌ను పెద్ద వేదికల మీద నిజంగా చిత్తుచేసిన దారి ఇది. నలుగురే వెళ్లి ఐదుగురి కాపలాను ఛేదించాలి. వెనుక ఇద్దరు సేఫ్టీలు, అంటే అందరికంటే వెనుక కాపలా ఉండేవాళ్లు, మైదానం లోతున నిలబడి పొడవాటి పాస్‌కు తావు లేకుండా చూడాలి. క్రికెట్ తెలిసిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది: సిక్సర్లు బాదే బ్యాటర్‌కు ఫీల్డర్లను బౌండరీ దగ్గర నిలబెట్టి, సింగిల్స్ తీసుకోమని వదిలేసి, అతని ఓపికను పరీక్షించడం లాంటిదే ఇది.

టాంపా బే బక్కనీర్స్ జట్టు ఒకే సీజన్‌లో చీఫ్స్‌ను రెండుసార్లు ఎదుర్కొంది కనుక తేడాను అక్కడ స్పష్టంగా చూడవచ్చు. 2020 నవంబరు 29న జరిగిన మొదటి మ్యాచ్‌లో, అప్పటి చీఫ్స్ రిసీవర్లలో (పాస్ అందుకునేవాళ్లు) అందరికంటే వేగవంతుడైన టైరీక్ హిల్‌ను చాలాసార్లు ఒక్క ఆటగాడికే అప్పజెప్పారు. హిల్ మొదటి క్వార్టర్‌లోనే (ఆటలో నాలుగో వంతు) 203 యార్డులు, మ్యాచ్ మొత్తానికి 269 యార్డులు సాధించాడు. చీఫ్స్ 27-24తో గెలిచింది. పది వారాల తర్వాత, 2021 ఫిబ్రవరి 7న, అదే మైదానంలో సూపర్ బౌల్ జరిగింది. అప్పట్లో బక్కనీర్స్ డిఫెన్స్ బాధ్యత చూసిన టాడ్ బౌల్స్‌కు బ్లిట్జ్ అంటే ఇష్టమని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు ఆయన తన అలవాటును పక్కనపెట్టి, బ్లిట్జ్‌లు బాగా తగ్గించి, ఇద్దరు సేఫ్టీలను లోతున ఉంచాడు. హిల్‌కు దక్కింది 73 యార్డులే. చీఫ్స్‌కు ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు. మూడు ఫీల్డ్ గోల్స్‌తో (గోల్ స్తంభాల మధ్యకు తన్నితే వచ్చే మూడేసి పాయింట్లు) సరిపెట్టుకుని 31-9తో ఓడిపోయింది.

ఆ మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో ఒక దృశ్యం ఉంది. నాలుగో డౌన్‌లో మహోమ్స్ వెనక్కి, పక్కకు, మళ్లీ వెనక్కి పరుగెత్తుతూ తప్పించుకుంటాడు. చివరికి కాళ్లు నేలను వదిలి, ఒళ్లంతా భూమికి సమాంతరంగా పడిపోతున్న క్షణంలో బంతిని విసురుతాడు. అంత దూరం నుంచి, అలాంటి స్థితిలో విసిరిన బంతి కూడా ఎండ్ జోన్‌లో (గోల్ లైన్ అవతలి భాగం) ఉన్న చీఫ్స్ ఆటగాడు డారెల్ విలియమ్స్ హెల్మెట్ ముందు భాగానికే తగిలి కిందపడింది. మహోమ్స్ ఆ రోజు చెడ్డగా ఆడలేదని, అతన్ని అలా ఆడాల్సిన పరిస్థితికి నెట్టారని చెప్పడానికి ఆ ఒక్క పాస్ చాలు. అతన్ని అక్కడికి నెట్టిన కారణం కూడా మరిచిపోకూడదు: లైన్‌కు రెండు అంచుల్లో ఉండాల్సిన టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో ఆడలేదు. బౌల్స్ పథకం ఎంత గొప్పదో, ఎదుట బలహీనమైన అంచులు ఉన్నాయన్న సంగతీ అంతే ముఖ్యం.

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఇదే దారిని చివరికంటా తీసుకెళ్లింది. డిఫెన్స్ నడిపిన విక్ ఫాంజియో మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు. అయినా పాస్ విసరకముందే మహోమ్స్‌ను ఆరుసార్లు నేలకూల్చారు, అంటే ఆరు సాక్‌లు. జాష్ స్వెట్ ఖాతాలో రెండున్నర, మిల్టన్ విలియమ్స్ ఖాతాలో రెండు సాక్‌లు పడ్డాయి. రెండో క్వార్టర్‌లో వరుసగా రెండు ప్లేలలో సాక్ అయిన మహోమ్స్, మూడో డౌన్‌లో పదహారు యార్డులు కావాల్సి వచ్చి కుడివైపు కదులుతూ పాస్ విసిరాడు. ఈగల్స్ డిఫెన్స్ ఆటగాడు కూపర్ డిజీన్ దాన్ని దొరకబుచ్చుకుని 38 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు. విరామానికి 24-0, చివరికి 40-22. లెఫ్ట్ టాకిల్ స్థానంలో ఆ సీజన్ పొడవునా ఇబ్బంది పడిన చీఫ్స్, లైన్‌లో లోపలి వైపు గార్డ్‌గా ఆడాల్సిన జో థూనీని అక్కడికి జరిపి నెట్టుకొచ్చింది. ఇక్కడా అదే కథ: దెబ్బ పడింది అంచుల మీదే.

అలాగని నలుగురితో ఒత్తిడి పెడితే గెలుపు ఖాయమని అనుకోవద్దు. 2022 సీజన్‌లో ఇదే ఈగల్స్ 70 సాక్‌లు చేసింది. 2023 ఫిబ్రవరి 12న సూపర్ బౌల్‌లో మహోమ్స్‌ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. బంతి త్వరగా చేతులు మారేలా రీడ్ ఆటను అల్లాడు. నాలుగో క్వార్టర్‌లో ప్లే మొదలవకముందు రిసీవర్‌ను లోపలికి కదిలించినట్టు కదిలించి బయటికి మళ్లించడంతో, ఒకసారి కడారియస్ టోనీ, మరోసారి స్కై మూర్ చుట్టుపక్కల ఎవరూ లేకుండా టచ్‌డౌన్ అందుకున్నారు. చీఫ్స్ 38-35తో గెలిచింది. అంతకుముందు 2020 ఫిబ్రవరి 2న శాన్ ఫ్రాన్సిస్కో 49అర్స్ మూడు క్వార్టర్లకు పైగా మహోమ్స్‌ను నలుగురితోనే కట్టడి చేసి 20-10 ఆధిక్యంలో నిలిచింది. నాలుగో క్వార్టర్‌లో, మూడో డౌన్‌లో పదిహేను యార్డులు కావాల్సినప్పుడు, మహోమ్స్ బాగా వెనక్కి వెళ్లి హిల్‌కు 44 యార్డుల పాస్ ఇచ్చాడు. చివరి ఏడు నిమిషాల్లో చీఫ్స్ 21 పాయింట్లు చేసి 31-20తో గెలిచింది. మొదటి నలుగురు అలసిపోతే దించడానికి అంతే నాణ్యమైన మరికొందరు బెంచ్ మీద ఉండాలి. లేకపోతే ఈ దారి మూడు క్వార్టర్ల వరకే పనిచేస్తుంది.

ముగ్గురిని పంపి ఎనిమిది మందిని వెనుక ఉంచడం

మీ జట్టులో అంత గొప్ప నలుగురు లేకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు సిన్సినాటి బెంగాల్స్ జవాబు చూపించింది. 2022 జనవరి 30న ఏఎఫ్‌సీ ఫైనల్‌లో చీఫ్స్ 21-3 ఆధిక్యంలో ఉంది. విరామం తర్వాత డిఫెన్స్ కోచ్ లూ అనరూమో ఒత్తిడి ఆలోచనను దాదాపు వదిలేసి, తరచుగా ముగ్గురినే పంపి ఎనిమిది మందిని కాపలాకు దించాడు. అది లొంగిపోవడంలా కనిపించింది. కానీ ఎనిమిది మంది కాపలాలో ఖాళీ కనిపించక, మహోమ్స్ బంతిని చేతిలో పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఆట చివర గోల్ లైన్‌కు ఐదు యార్డుల లోపు ఉన్నప్పుడు శామ్ హబ్బర్డ్ అతన్ని వరుసగా రెండుసార్లు పడగొట్టింది ఇలాంటి తిరుగుళ్లలోనే. రెండో సగంలో చీఫ్స్‌కు వచ్చింది ఒకే ఒక్క ఫీల్డ్ గోల్. ఓవర్‌టైమ్‌లో వాన్ బెల్ మహోమ్స్ పాస్‌ను మధ్యలోనే దొరకబుచ్చుకున్నాడు, బెంగాల్స్ 27-24తో గెలిచింది.

ఈ దారిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఓపిక నేర్చుకున్న క్వార్టర్‌బ్యాక్ దీన్ని చిన్నచిన్న పాస్‌లతో కొరుక్కు తింటాడు. 2022 మార్చిలో హిల్‌ను మయామీకి పంపేశాక మహోమ్స్ సరిగ్గా అదే ఓపికను నేర్చుకుని, ఆ సీజన్‌లోనే కప్పు గెలిచాడు. రెండోది, కొత్తదనం పోతే పదును కూడా పోతుంది. 2022 సంవత్సరంలో మూడుసార్లు చీఫ్స్‌ను ఓడించిన బెంగాల్స్, 2023 జనవరి 29న నాలుగోసారి 23-20తో ఓడిపోయింది, అదీ చీలమండ బెణికి కుంటుతున్న మహోమ్స్ చేతిలో. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు బెంగాల్స్ సొంత ఆఫెన్సివ్ లైన్‌లో ముగ్గురు ప్రధాన ఆటగాళ్లు లేరు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో ఐదుసార్లు సాక్ అయ్యాడు. అయినా ఈ పద్ధతిని మ్యాచ్ మొదటి నుంచీ కాకుండా, విరామం తర్వాత హఠాత్తుగా బయటికి తీసే ఆయుధంగానే ఎంచుకోవాలని నా నమ్మకం.

బంతిని అతని చేతికే ఇవ్వకపోవడం

బెంచ్ మీద కూర్చున్న మహోమ్స్ పాయింట్లు చేయలేడు కాబట్టి రన్ ఆటతో (పాస్ చేయకుండా బంతి పట్టుకుని పరుగెత్తడం) గడియారం కరిగించాలన్నది వినడానికి తిరుగులేని వాదన. లెక్కలు మాత్రం అంత సులువుగా ఒప్పుకోవు. 2019 జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఏఎఫ్‌సీ ఫైనల్‌లో బంతిని దాదాపు 44 నిమిషాలు తన దగ్గరే ఉంచుకుంది, విరామానికి 14-0తో ముందుంది. ఆ మిగిలిన కాస్త సమయంలోనే చీఫ్స్ రెండో సగంలో 31 పాయింట్లు చేసి మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌కు లాగింది. పేట్రియట్స్ చివరికి 37-31తో గట్టెక్కింది. 2023 సూపర్ బౌల్‌లో ఈగల్స్ దాదాపు 36 నిమిషాలు బంతిని ఉంచుకుని కూడా ఓడిపోయింది. గడియారాన్ని కరిగించడం వల్ల చీఫ్స్‌కు అవకాశాలు తగ్గుతాయి, నిజమే. కానీ మీ అవకాశాలూ అంతే తగ్గుతాయి. ప్రతి డ్రైవ్ (బంతి దక్కినప్పటి నుంచి వదులుకునేదాకా సాగే దాడి) చివరా టచ్‌డౌన్ రాకపోతే ఈ వ్యూహం కొంచెం కొంచెంగా మిమ్మల్నే తినేస్తుంది.

దీన్ని ఎంచుకునే జట్టుకు కావాల్సింది మొండిపట్టు. 2021 సెప్టెంబరు 19న రేవెన్స్ నాలుగో క్వార్టర్ మొదట 35-24తో వెనుకబడి ఉన్నా రన్ ఆటను వదల్లేదు. 251 యార్డులు పరుగెత్తింది, 36-35తో గెలిచింది. చివరి నిమిషంలో, సొంత సగంలో, నాలుగో డౌన్‌లో ఒక్క యార్డు కావాల్సినప్పుడు పంట్ చేసి (దూరంగా తన్ని) బంతిని మహోమ్స్‌కు అప్పగించకుండా, తమ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ చేత పరుగెత్తించి ఆటను ముగించింది. అదే రేవెన్స్ 2024 జనవరి 28న ఏఎఫ్‌సీ ఫైనల్‌లో, లీగ్‌లోనే అత్యుత్తమ రన్ ఆట తన చేతిలో ఉండి కూడా, రన్నింగ్ బ్యాక్‌లకు (బంతితో పరుగెత్తే బాధ్యత ఉన్నవాళ్లు) మొత్తం కలిపి ఆరుసార్లే బంతి ఇచ్చి 17-10తో ఓడిపోయింది. తేడా ఎప్పుడూ రెండు స్కోర్లను మించలేదు. కంగారు పడాల్సిన అవసరమే లేదు. ఇంటి నిండా ధాన్యం పెట్టుకుని పస్తులున్నట్టు అయింది.

టెనెసీ టైటన్స్ కథ ఇంకో హెచ్చరిక. 2020 జనవరిలో ఆ జట్టు రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ వరుసగా రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో 182, 195 యార్డులు పరుగెత్తి చీఫ్స్ సొంత మైదానం అరోహెడ్‌కు వచ్చాడు. టైటన్స్ 10-0తో ముందుకు వెళ్లింది కూడా. చీఫ్స్ ఆధిక్యంలోకి రాగానే ఆ పరుగుకు విలువ లేకుండా పోయింది. హెన్రీ 69 యార్డుల దగ్గర ఆగాడు, టైటన్స్ 35-24తో ఓడింది. వెనుకబడితే పాస్‌తో తేరుకోగల క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు ఈ దారి ఎంచుకోకూడదు. 2025 సూపర్ బౌల్‌లో చీఫ్స్ డిఫెన్స్, ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీని 25 ప్రయత్నాల్లో 57 యార్డులకే పరిమితం చేసింది. ఈగల్స్ చింతించలేదు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 22 పాస్‌లలో 17 పూర్తిచేసి 221 యార్డులు సాధించాడు, మరో 72 యార్డులు పరుగెత్తాడు. రన్ ఆట మీద మహోమ్స్ ప్రత్యర్థులు పెట్టుకోవాల్సిన ఆశ అంతవరకే.

అయితే ఏది ఎంచుకోవాలి?

ప్రత్యర్థి పేరును పక్కనపెట్టి, ఆ వారం వాళ్ల లైన్ అంచుల్లో ఎవరు ఆడుతున్నారో చూడండి. టాకిల్స్‌లో ఒక్కరైనా గాయంతో దూరమైనా, స్థానం మారినా, మీ దగ్గర ఆరేడుగురు మంచి లైన్‌మెన్ ఉన్నా రెండో ఆలోచన లేకుండా నలుగురి ఒత్తిడి, లోతున ఇద్దరు సేఫ్టీలు అనే దారినే ఎంచుకోండి. నా దృష్టిలో నాలుగింటిలోనూ నమ్మదగింది ఇదే, ఎందుకంటే ఇది మహోమ్స్ పొరపాటు చేస్తాడని ఎదురుచూడదు, పొరపాటు తప్ప మరో దారి లేని స్థితికి అతన్ని తెస్తుంది. మీ నలుగురు సాదాసీదా ఆటగాళ్లయి, వాళ్ల టాకిల్స్ ఇద్దరూ బలంగా ఉంటే, మొదటి సగం మామూలుగా ఆడి, తేడా పెరగకుండా చూసుకుని, విరామం తర్వాత ఎనిమిది మంది కాపలాకు మారండి. రన్ ఆట ఈ రెండింటికీ తోడుగా ఉండాలే తప్ప, దాన్నే మొత్తం పథకంగా పెట్టుకోవద్దు.

ఏ దారిలో వెళ్లినా ఆఖరి నిమిషాలకు వేరే లెక్క కావాలి. బఫలో బిల్స్ ఈ పాఠాన్ని చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 2022 జనవరి 23న ఆ జట్టు 36-33తో ముందుంది, ఆటలో 13 సెకన్లు మిగిలాయి. పొడవాటి పాస్ పడకూడదని డిఫెన్స్ బాగా వెనక్కి జరిగింది. కానీ చీఫ్స్‌కు కావాల్సింది టచ్‌డౌన్ కాదు, ఫీల్డ్ గోల్ దూరం. హిల్‌కు 19 యార్డులు, ట్రావిస్ కెల్సీకి 25 యార్డులు, రెండే ప్లేలు. ఆపై హారిసన్ బట్కర్ 49 యార్డుల ఫీల్డ్ గోల్. ఓవర్‌టైమ్‌లో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ చేతికి బంతే రాలేదు, చీఫ్స్ 42-36తో గెలిచింది. సూపర్ బౌల్‌లో గెలిపించే ఆ లోతైన కాపలాయే తప్పు క్షణంలో వాడితే ఎలా ముంచుతుందో ఆ రాత్రి చూపించింది. 2024 నవంబరు 17న అదే బిల్స్ 23-21తో ముందుండగా, రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ సమయం మిగిలి ఉండగా, నాలుగో డౌన్‌లో రెండు యార్డులు అవసరమయ్యాయి. ఫీల్డ్ గోల్ తీసుకుంటే ఆధిక్యం ఐదు, కానీ బంతి మహోమ్స్‌కు దక్కుతుంది. ఈసారి ఫీల్డ్ గోల్ వద్దనుకున్నారు. ఆలెన్ తానే పరుగెత్తి, చివర్లో మీద పడుతున్న వాళ్లను ఈడ్చుకుంటూ 26 యార్డులు వెళ్లి టచ్‌డౌన్ చేశాడు. 30-21తో ఆ సీజన్‌లో చీఫ్స్‌కు తొలి ఓటమి ఎదురైంది. మహోమ్స్ ఎదుట ఉన్నప్పుడు నాలుగో డౌన్‌లో రెండు యార్డుల లోపు ఉంటే, ప్రత్యర్థి సగంలో ప్రతిసారీ ప్రయత్నించాలన్నదే నా అభిప్రాయం.

ఇక ప్లేఆఫ్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్తే, ఇప్పటి నిబంధనల ప్రకారం రెండు జట్లకూ బంతి దక్కుతుంది కనుక, టాస్ గెలిస్తే బంతిని ముందుగా ప్రత్యర్థికి ఇచ్చి, తర్వాత తీసుకోవడం మేలు. 2024 ఫిబ్రవరి 11న లాస్ వేగాస్ సూపర్ బౌల్‌లో 49అర్స్ టాస్ గెలిచి మొదట బంతి తీసుకుంది, గోల్ లైన్ దగ్గరదాకా వెళ్లి ఫీల్డ్ గోల్‌తో ఆగింది. తమకు కనీసం మూడు పాయింట్లు కావాలని కచ్చితంగా తెలిసిన చీఫ్స్ నాలుగు డౌన్లనూ వాడుకోగలిగింది. సొంత సగంలోనే నాలుగో డౌన్‌లో ఒక్క యార్డు కావాల్సినప్పుడు పంట్ ఆలోచనే లేకుండా మహోమ్స్ ఎనిమిది యార్డులు పరుగెత్తాడు. అదే డ్రైవ్ చివర మెకోల్ హార్డ్‌మన్ టచ్‌డౌన్ అందుకున్నాడు, 25-22తో కప్పు కాన్సస్ సిటీకి వెళ్లింది.